కిష్టయ్య చేతి తూకం

బాన్సువాడ పాత బస్టాండు వెనక సందులో కిష్టయ్య దుకాణం. బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. గాలివానకు రేకు ఊడి పడిపోతే మళ్లీ పెట్టలేదు, పెట్టవలసిన అవసరమూ రాలేదు. కోటగిరి నుంచి, మహమ్మద్ నగర్ నుంచి కంప్యూటర్ డబ్బాలు మోటారు సైకిళ్లకు కట్టుకుని వచ్చేవాళ్లు బోర్డు చూసి రారు. కిష్టయ్య చెయ్యి సంగతి విని వస్తారు.

కంప్యూటరుకు కరెంటు పంచే ఇనుప పెట్టెను ఎస్ఎంపిఎస్ అంటారు. ఇటుకంత ఉంటుంది. గోడలోంచి వచ్చే కరెంటును తగ్గించి, విడదీసి, లోపల ఒక్కో భాగానికి కావలసినంత పంపుతుంది. అది చెడిపోతే కిష్టయ్య బాగుచేస్తాడు. కొత్త భాగం ఏదైనా తగిలించాలంటే ఉన్న పెట్టె మోస్తుందో లేదో చెబుతాడు. చెప్పే పద్ధతి ఒకటే. పెట్టెను కుడి అరచేతిలో పెట్టుకుంటాడు. కొద్దిగా ఎగరేసి పట్టుకుంటాడు. అప్పుడు అతని కళ్లు పెట్టె మీద ఉండవు, సందులో ఎటో ఉంటాయి. "ఆగుతది" అంటాడు. లేదా "ఆగది" అంటాడు. మూడో మాట ఉండదు.

ఆ పద్ధతిలో మోసం లేదు. మంచి పెట్టెలో రాగి ఎక్కువ ఉంటుంది. వేడిని లాగే అల్యూమినియం రెక్కలు మందంగా ఉంటాయి. నాసిరకం దానిలో అవి ఉండవు గనక చేతిలో అట్టపెట్టెలా తేలిపోతుంది. ఇరవై ఏళ్లలో ఆ చెయ్యి తప్పు చెప్పిందని ఎవరూ తిరిగి రాలేదు. రాకపోవడానికి వేరే కారణాలు కూడా ఉండొచ్చని కిష్టయ్యకు ఎప్పుడూ తోచలేదు.

అయితే ఆ చెయ్యి కంప్యూటర్ల దగ్గర నేర్చుకున్నది కాదు. బీడీల దగ్గర నేర్చుకున్నది.

పంతొమ్మిదో ఏట కిష్టయ్య బీడీ కార్ఖానాలో చెకింగ్ పనికి కుదిరాడు. ఆడవాళ్లు ఆకు, తంబాకు తూయించుకుని ఇళ్లకు తీసుకుపోయి, చుట్టి, కట్టలు కట్టి, గంపల్లో పెట్టుకుని వచ్చి వరుసగా నేల మీద కూర్చునేవారు. కిష్టయ్య గద్దె మీద కూర్చునేవాడు. కట్టను అరచేతిలో వేసుకుని ఎగరేసేవాడు. బరువు సరిపోతే కుడి పక్కకు. తేలిగ్గా ఉంటే ఎడమ పక్కకు. తేలిగ్గా ఉందంటే తంబాకు తక్కువ కూరారని. తక్కువ కూరారంటే మిగిలింది ఇంట్లో దాచుకున్నారని. ఆ మాట నోటితో అనవలసిన పని లేదు. ఎడమ పక్కన పడిన కట్ట చప్పుడులోనే ఆ మాట ఉంటుంది. ఆ కట్టలకు కూలి లేదు. వాటిని తిరిగి ఇచ్చేది కూడా లేదు.

"జర ఒక్కటన్న విప్పి జూడు కిష్టయ్యా" అనేవారు కొందరు.

"విప్పితే మల్ల ఎవలు గడ్తరు? మీ ఆయనను తోలుకరా, గడ్తడు" అనేవాడు.

వరుస నవ్వేది. నవ్వకపోతే తరవాతి వంతు తమ గంపదే.

లస్మవ్వ ఒక్కతే నవ్వేది కాదు. విప్పమని అడిగేదీ కాదు. కట్ట ఎడమ పక్కకు పడినప్పుడల్లా కిష్టయ్య మొహం వైపు కాక చేతి వైపు చూసేది. ఒక ఎండాకాలం ఆమె గంపంతా ఎడమ పక్కకే పోయింది. ఆ ఎండల్లో ఆకు ఎండి, తంబాకు ఎండి, అందరి కట్టలూ తేలికవుతాయని కిష్టయ్యకు తెలుసు. తెలిసీ చెయ్యి చెప్పిందే చేశాడు. ఆ నెలలో సేటు అతన్ని పేరు పెట్టి మెచ్చుకున్నాడు. లస్మవ్వ ఖాళీ గంప బోర్లించి దులుపుకుని లేచి పోయింది.

తరవాత కార్ఖానా పని తగ్గించింది. కిష్టయ్య బోధన్ పోయి రేడియోలు విప్పడం నేర్చాడు. రేడియోల తరవాత టీవీలు, టీవీల తరవాత కంప్యూటర్లు. విప్పే పనిలోకి వచ్చినా తీర్పు మాత్రం విప్పకుండానే చెప్పేవాడు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అతనూ పట్టించుకోలేదు.

ఇప్పుడు అతనికి అరవై ఒకటి. చత్వారం వచ్చింది. కళ్లజోడు సొరుగులో ఉంటుంది.

*

లస్మవ్వ మనవరాలు ప్రవళిక మాఘమాసం పెళ్లిళ్లకు ముందు ఒక ఉదయం స్కూటీ మీద కంప్యూటర్ డబ్బా తెచ్చింది. ఆమె ఇంట్లో కూర్చుని పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. స్టూడియో సాయిప్రసాద్ తీసుకొచ్చిన వీడియోలను కోసి, కూర్చి, పాటలు వేసి, పెళ్లివారికి చూపించేటట్టు చేస్తుంది. పాత కంప్యూటర్ మీద ఒక పెళ్లి పూర్తి కావాలంటే రెండు రోజులు పడుతోంది. సాయిప్రసాద్ విసుక్కుంటున్నాడు. బోధన్‌లో ఎవరో ఒక్క పూటలో చేసి ఇస్తారట. అందుకని ఆమె హైదరాబాద్ నుంచి గ్రాఫిక్ కార్డు తెప్పించింది. అది తగిలిస్తే పని పరుగెత్తుతుంది. ఉన్న ఎస్ఎంపిఎస్ ఆ కార్డును మోస్తుందా లేదా అన్నదే ప్రశ్న. మోయకపోతే కార్డు పోతుంది. ఈ పెళ్లిళ్ల కాలం పోతుంది. సాయిప్రసాద్ పోతాడు.

దుకాణంలో అప్పటికే హరనాథబాబు కూర్చుని ఉన్నాడు. కోటగిరి రోడ్డులో రైస్ మిల్లు ఆయనది. యూపీఎస్ బాగుకు తెచ్చాడు.

"తాతా, గీ ఎస్ఎంపిఎస్ కొత్త కార్డుకు ఆగుతదా జూడు" అంది ప్రవళిక. డబ్బా విప్పి పెట్టెను ఊడదీసి బల్ల మీద పెట్టింది. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "నేనొక లెక్క జేసిన. పైన పెద్దగ నాలుగు వందల యాభై వాట్లని రాసిండు గని, గది నమ్మద్దంట. పన్నెండు వోల్టుల లైను జూడాలంట. ఆడ పదమూడు ఆంపులే రాసిండు. పన్నెండు పదమూళ్లు నూట యాభై ఆరు. కార్డుకే నూట ఇరవై గావాలె. ప్రాసెసర్‌కు అరవై అయిదు. రెండు గలిపితే నూట ఎనభై అయిదు. దాటిపాయె గద?"

కిష్టయ్య ఏదో అనబోయాడు. ఈలోగా హరనాథబాబు నవ్వాడు.

"ఏమయ్యా కిష్టయ్యా, పిల్ల నీకు పాఠం చెబుతోందే. పలకా బలపం తెచ్చుకో."

కిష్టయ్య సొరుగు వైపు చూశాడు. కళ్లజోడు అందులో ఉంది. తీసి పెట్టుకుని లేబుల్ చదవడానికి అర నిమిషం పట్టేది. తీయలేదు. పెట్టెను అరచేతిలోకి తీసుకున్నాడు. ఎగరేశాడు. అది చేతిలోకి దిగిన తీరు అతనికి నచ్చింది. దిట్టంగా ఉంది. ఈ మధ్య ఇంత బరువున్న పెట్టె చేతికి రాలేదు.

"ఆగుతది" అన్నాడు.

"మరి గీ పదమూడు ఆంపులు?"

"కాయితం ఎవడన్న అతికిస్తడు బిడ్డా. బరువు ఎవడు అతికిస్తడు?"

హరనాథబాబు తొడ మీద చరుచుకున్నాడు. "అదీ మాట. రాసి పెట్టుకో అమ్మాయ్."

ప్రవళిక కాగితాన్ని ఇంకా మడవలేదు. "కార్డుకు ఆరు పిన్నుల వైరు గావాలె తాతా. దీనికి గా వైరే లేదు. వైరే ఇయ్యలేదంటే గంత బలం లేదనే గద?"

"వైరు నేను జోడిస్త. కన్వర్టర్ ఉన్నది."

"గట్ల జోడిస్తే..."

"నువ్వు అడగనీకి అచ్చినవా, జెప్పనీకి అచ్చినవా?"

ఆమె కాగితం మడిచింది. ఒకసారి, మళ్లీ ఒకసారి, గోరంత అయ్యేదాకా. "అడగనీకే అచ్చిన" అంది. "పొద్దుగాల అవ్వను గూడ అడిగిన, కిష్టయ్య తాత కాడికి పోదునా అని. కిష్టయ్య చెయ్యి నాకెరుక అన్నది."

"చూశావా, సాక్ష్యం కూడా ఉంది" అన్నాడు హరనాథబాబు.

కిష్టయ్య ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాడు. కార్డు బిగించాడు. వైరు జోడించాడు. కంప్యూటర్ లేచింది. తెర మీద రంగులు బాగా వచ్చాయి. ప్రవళిక మొహంలో సంతోషం కనిపించింది, కానీ కాగితాన్ని పారేయలేదు. జేబులో పెట్టుకుంది.

*

పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి డబ్బా తేలేదు.

"బందయితుంది తాతా. ఫొటోలు, మాటలు, పాటలు, గిట్ల చిన్న పని జేస్తే ఏం గాదు. మొత్తం పెళ్లి కలిపి ఒక్కటి జేయమంటే సగంల టక్కున బందయితుంది."

"పొలాలల్ల యాసంగి మోటార్లు నడుస్తున్నయి. ఓల్టేజీ గుంజుతుంది. స్టెబిలైజర్ పెట్టు."

"ఓల్టేజీ అయితే చిన్న పనికి గూడ బందు గావాలె గద?"

సరైన ప్రశ్న. బలం చాలని పెట్టె బరువు ఎత్తినప్పుడే కూలబడుతుంది. రేడియోలు విప్పిన నాటి నుంచి కిష్టయ్యకు తెలిసిన సంగతే అది. ఆ క్షణంలో అతనికి తెలిసింది కూడా. తెలిసి, చేతిలో ఉన్న టంకం కడ్డీ వైపు చూశాడు.

"ఫికర్ జేయకు. పెట్టి జూడు" అన్నాడు.

ఆమె స్టెబిలైజర్ పెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, తునికాకు కత్తిరించే కత్తెర చంకలోనే పెట్టుకుని, పాత చీర గుడ్డలో ఏదో చుట్టుకుని లస్మవ్వ దుకాణానికి నడిచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మెట్టు ఎక్కి, ఎవరూ చెప్పకుండానే నేల మీద కూర్చుంది. కిష్టయ్య స్టూలు మీద ఉన్నాడు. ఆమె గుడ్డ విప్పింది. లోపల ఎస్ఎంపిఎస్. కాలిన వాసన దుకాణమంతా పరుచుకుంది.

"పేలింది" అంది. "నేను ఆకు కత్తిరిస్తున్న. చప్పుడు ఇని, గ్యాసేమో అనుకున్న."

"పిల్ల ఏది లస్మక్కా?"

"డోంగ్లి పోయింది. పెళ్లోళ్ల కాళ్లు మొక్కనీకి. కార్డు పోయింది. పెళ్లిళ్లు దాసిన డిస్కు గూడ పోయిందంట. డోంగ్లిది, మహమ్మద్ నగర్‌ది, రెండు పెళ్లిళ్లు. కెమెరాలల్ల ఉన్నది సాయిప్రసాద్ తుడిచేసిండంట, ఇంకో పెళ్లి తియ్యాలె గద."

అనుకోకుండానే కిష్టయ్య కుడి చెయ్యి చాచుకుంది, పెట్టెను తీసుకుంది, కొద్దిగా ఎగరేసింది. అలవాటు. పట్టుకున్నాక చూశాడు, లస్మవ్వ చేతి వైపు చూస్తోంది.

"ఏమంటుంది?" అంది.

"ఏది?"

"నీ చెయ్యి."

"విప్పి జూసి చెప్త అక్కా."

"విప్పుతవా?" అంది. ఆశ్చర్యంగా కాదు, మామూలుగా. గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా ఆగి, షట్టరు సగం దించి, కిష్టయ్య నాలుగు మరలు విప్పాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు.

లోపల పెద్దగా ఏమీ లేదు. నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మర్. రేకులాంటి అల్యూమినియం. వెంట్రుకల్లాంటి వైర్లు, నల్లగా మాడి ఉన్నాయి. అడుగున, పెట్టెకు రెండు మరలతో బిగించి, బొటనవేలంత మందాన ఒక ఇనుప పలక. దానికి ఏ వైరూ తగల్లేదు. దాని నుంచి ఏ వైరూ పోలేదు. నల్ల రంగు వేసి ఉంది.

అతను దాన్ని ఊడదీశాడు. ఎడమ చేతిలో పలక, కుడి చేతిలో పెట్టె. పెట్టె అట్టపెట్టెలా తేలిపోయింది. తను మెచ్చుకున్న బరువంతా ఎడమ చేతిలో ఉంది.

ఆ పలకకు కరెంటుతో పని లేదు. చేతితోనే పని. ఎక్కడో ఎవడో, ఊరూరా తనలాంటి చేతులు ఉంటాయని తెలిసినవాడు, ఆ చేతుల కోసమే దాన్ని కోయించి, రంగు వేయించి, బిగించాడు. కానీ వాడు లేబుల్ మీద అబద్ధం అంతా చెప్పలేదు. పెద్ద అక్షరాల్లో చెప్పిన అబద్ధం కింద, చిన్న అక్షరాల్లో పదమూడు అని నిజమే రాశాడు. చదివేవాళ్లకు నిజం చెప్పాడు. తూచేవాళ్లకే ఇనుము పెట్టాడు.

కిష్టయ్య కళ్లజోడు తీసి సొరుగులో పెట్టాడు. దాని పక్కన పలకను పెట్టాడు. పెట్టెకు నాలుగు మరలూ తిరిగి బిగించాడు. పైన చేతి గుర్తులు లేకుండా గుడ్డతో తుడిచాడు.

*

మర్నాడు పొద్దున తనే వాళ్లింటికి పోయాడు. ఇన్నేళ్లలో ఒకరింటికి సరుకు తీసుకుపోయి ఇచ్చిన మనిషి కాదు. లస్మవ్వ గడప లోపల కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ప్రవళిక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పేలిన కంప్యూటర్ డబ్బా మూల ఉంది, దాని మీద ఎవరో దుప్పటి కప్పారు.

"డోంగ్లోళ్లు ఏమన్నరు బిడ్డా?"

"బార్డర్ ఊరు గద, మరాఠీల తిట్టిండ్రు" అంది ప్రవళిక. "సగం సమజ్ కాలే. మంచిగనే అయింది. సమజ్ అయిన సగమే మస్తుగున్నది."

"సాయిప్రసాద్?"

"బోధన్ల ఇచ్చుకుంటడంట ఇగ. ఏమనలే. గంతే అన్నడు."

కిష్టయ్య సంచిలోంచి పెట్టె తీసి నేల మీద పెట్టాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాట చెప్పాడు. "కరెంటు ఎక్కువ అచ్చింది. ఒక్కసారి రెండింతలు అస్తది, ట్రాన్స్‌ఫార్మర్ కాడ న్యూట్రల్ పోతే. ఎంత మంచిదైన ఆగదు. లోపల విప్పి జూసిన. సరుకు మంచిదే."

"స్టెబిలైజర్ ఉండె గద తాతా."

"గది గూడ ఆపలేదు."

పెట్టె ఆకుల మీద సగం ఒరిగి ఉంది. తడి ఆకు నలుగుతుందని లస్మవ్వ బీడీ పక్కన పెట్టి, పెట్టెను ఎత్తింది. ఎత్తి, దించలేదు. అరచేతిలో పెట్టుకుంది. కొద్దిగా ఎగరేసి పట్టుకుంది. ఆమె కళ్లు పెట్టె మీద లేవు. వాకిట్లో ఎటో ఉన్నాయి.

కిష్టయ్య గడప మీద నిలబడి ఉన్నాడు.

"తేలికయింది" అంది.

"కాలింది గదక్కా. కాలితే తగ్గుతది."

"గింత తగ్గుతదా?"

"తగ్గుతది. లోపల రాగి, ప్లాస్టిక్..."

"నిన్న గుడ్డల చుట్టుకుని పాత బస్టాండు దాక మోసిన కిష్టయ్యా. కాలినాకనే మోసిన."

ప్రవళిక గోడ విడిచి వచ్చింది. కంప్యూటర్ బల్ల సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసింది. "ఇటియ్యి అవ్వా. విప్పి జూస్త."

విప్పితే కనిపించేది పెద్దగా ఏమీ లేదు. రెండు ఖాళీ రంధ్రాలు. పలక ఉన్నంత మేర దుమ్ము పట్టని, కొత్త రేకులా మెరిసే చోటు. చదువుకున్న పిల్లకు అది చాలు.

లస్మవ్వ పెట్టెను ఇవ్వలేదు.

"అద్దు" అంది. "విప్పేదేంది. కార్ఖానల మా కట్టలు ఎన్నడన్న విప్పిండ్రా? పదేండ్లు గూసున్న ఈయన ముంగట. చెయ్యి ఏమన్నదో గదే మాట. ఇయ్యాల నా చెయ్యి అన్నది."

చెప్పి, పెట్టెను తన ఎడమ పక్కకు పడేసింది. రాతి నేల మీద అది తేలికైన వస్తువు చేసే చప్పుడే చేసింది.

విప్పి చూడండి అని అడగడానికి లేదు. విప్పితే తను దొంగ. విప్పకపోయినా దొంగే. లస్మవ్వలా బోర్లించి దులుపుకుని లేచి పోవడానికి అతని దగ్గర గంప కూడా లేదు. లస్మవ్వ ఆకు తీసుకుని, తంబాకు పోసి, వేళ్లతో తిప్పి, దారం చుట్టింది. తల ఎత్తలేదు.

"పోతన్న అక్కా" అన్నాడు.

"మంచిది" అంది.

ప్రవళిక గుమ్మం దాకా వచ్చింది. "తాతా" అంది. అతను ఆగాడు. ఆమె జేబులోంచి గోరంత మడత తీసి, విప్పి, అతని చేతిలో పెట్టింది. పన్నెండు పదమూళ్లు నూట యాభై ఆరు. కళ్లజోడు లేదు గనక అతనికి అంకెలు కనిపించలేదు. ఏం రాసి ఉందో మాత్రం తెలుసు.

*

ప్రవళిక ఇప్పుడు మీసేవలో దరఖాస్తులు టైపు చేస్తోంది. డోంగ్లి పెళ్లి ఎవరి దగ్గరా లేదు, ఆ పెళ్లివాళ్ల ఫోన్లలో ఉన్న నాలుగు ముక్కలు తప్ప. కోటగిరి వాళ్లు కొందరు ఈ మధ్య కిష్టయ్య దగ్గరికి రావడం లేదు. పెట్టె మీద లేబుల్ ఫొటో తీసి ప్రవళికకు పంపి అడుగుతున్నారట. ఆమె లెక్క వేసి చెబుతుందట. లేబుల్ మీద నమ్మకం లేనివాళ్లను విప్పి చూడమంటుందట.

మిగిలినవాళ్లు ఇంకా వస్తారు. హరనాథబాబు యూపీఎస్ తీసుకుపోవడానికి వచ్చి అడిగాడు.

"ఏమైందయ్యా ఆ పిల్ల పెట్టె? ఆగిందా?"

"కరెంటు ఎక్కువ అచ్చింది" అన్నాడు కిష్టయ్య.

"అంతేలే. నీ చెయ్యి తప్పదుగా." ఆయన మిల్లు ఆఫీసు కంప్యూటర్లోంచి ఊడదీసిన పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు. "మా అబ్బాయి వంశీ ఇందులో ఆటల కార్డు పెట్టుకుంటానంటున్నాడు. చూడు, మోస్తుందేమో."

చెయ్యి చాచుకుంది. పెట్టె అరచేతిలోకి దిగింది. కిష్టయ్య దాన్ని ఎగరేశాడు, పట్టుకున్నాడు, సందులోకి చూశాడు. చెయ్యి ఏమీ చెప్పలేదు. బరువు ఉంది, అంతే. అది రాగి బరువో, ఇనుము బరువో చేతికి తెలియదు. ఎప్పుడూ తెలియలేదేమో. కార్ఖానాలో కూడా తెలియలేదేమో.

"ఆగుతది" అన్నాడు.

హరనాథబాబు వెళ్లిపోయాడు. కిష్టయ్య సొరుగు సగం తెరిచాడు, కళ్లజోడు కోసం. దాని పక్కన నల్లటి పలక. ఎన్నోసార్లు పారేద్దామనుకున్నాడు. పారేయాలంటే బయటికి తీయాలి. తీయాలంటే చేత్తో పట్టుకోవాలి.

కళ్లజోడు తీయకుండానే సొరుగు మూశాడు.